ప్లీజ్ వెయిట్ అన్న డబ్బా

నజ్నీన్‌కి కోపం ముక్కు మీద ఉంటుందని ఏలూరులో వాళ్ళ వీధి వీధంతా అంటుంది. అనేవాళ్ళకేం, అంటారు. ఆ కోపం ఊరికే వచ్చేది కాదు. చూడకుండానే చూశామనేవాళ్ళ మీద, చదవకుండానే తెలుసనేవాళ్ళ మీద వచ్చేది. ఆ గుణం ఆమెకి తండ్రి చాంద్ బాషా దగ్గర్నుంచి వచ్చింది. కాకపోతే ఆయన మనిషి మెతక. కూతురు అందుకు పూర్తిగా ఎదురు.

చాంద్ బాషాది మోటార్లకి వైండింగ్ కట్టే కొట్టు. కాలిపోయిన మోటారు వస్తే చాలామంది మెకానిక్కులు పాత తీగ కోసి పారేసి, పైనున్న రేకు మీద ఎన్ని హెచ్.పి. అని రాసుంటే దాన్నిబట్టి కొత్త తీగ చుట్టేస్తారు. ఆయన అలా చెయ్యడు. మసి పట్టిన తీగని ఓపిగ్గా విప్పుతూ ఒక్కొక్క చుట్టూ లెక్కపెడతాడు. రేకు మీద రాసింది అమ్మినవాడి మాటనీ, లోపల చుట్టి ఉన్నదే అసలు మోటారనీ ఆయన వాదన. పదేళ్ళప్పుడు నజ్నీన్ ఒక చుట్టని సగం దాకా లెక్కపెట్టి, మిగతాది అంచనా వేసి నలభై ఎనిమిదని చెప్పింది. ఆయన తీగంతా ఆమె ఒళ్ళో పెట్టి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టించాడు. నలభై ఆరొచ్చింది.

పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివేటప్పుడు కూడా ఆమెకి అలాంటి మనిషే దొరికింది. ల్యాబ్‌లో శేషారత్నం మేడమ్. కంపైలర్ అన్న మాట ఎత్తనిచ్చేది కాదు. చిప్పుకి ఇచ్చే ప్రతి చిన్న పనినీ, ఈ గడిలోది తీసి ఆ గడిలో పెట్టు, సున్నా అయితే ఫలానా చోటికి దూకు అంటూ కాగితం మీద రాయించి, వేలు పెట్టి నడిపించేది. ఆ చిన్న పనుల జాబితానే అసెంబ్లీ అంటారు. పిల్లలందరూ తిట్టుకున్నారు. నజ్నీన్ కూడా తిట్టుకుంది గానీ నేర్చుకుంది.

డిప్లొమా అయ్యాక తాడేపల్లిగూడెంలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున్నే ఏలూరులో పాసింజరెక్కి, భీమడోలులో పాల క్యాన్ల వాళ్ళతో తోపులాట పడి, గూడెంలో దిగేది. చేపల చెరువుల్లో ఏరియేటర్లని తిప్పే కంట్రోల్ డబ్బాలు చేసేవాళ్ళక్కడ. మబ్బు పట్టిన రోజుల్లో చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఏరియేటర్లు తిరిగి నీళ్ళని చిలకాలి. కరెంటు మూడు ఫేజులూ సరిగ్గా ఉంటేనే వాటిని తిప్పాలి, లేకపోతే మోటార్లు కాలిపోతాయి. ఆ కాపలా కాసేది ఈ డబ్బా. అందులో ఒక చిప్పు, పైన రెండు లైన్ల డిస్‌ప్లే. కరెంటు కుదురుకునేదాకా దాని మీద ప్లీజ్ వెయిట్ అని ఇంగ్లీషు అక్షరాలు నిలబడతాయి. చిప్పుకి ప్రోగ్రాం రాసేది నజ్నీన్.

కంపెనీ ఓనరు శ్రీనివాసరావు బి.టెక్ చదివాడు. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా చూసుకుంటాడు. డబ్బా ఆన్ చెయ్యగానే డిస్‌ప్లే మీద "వెల్‌కమ్" అనీ, దాని వెనకాల తన పేరూ, ప్రొప్రైటర్ అన్న హోదా, బి.టెక్, రెండు ఫోన్ నంబర్లూ, ఇంటి దేవుడి పేరూ వరసగా నడిచి రావాలన్నాడు. ఆ అక్షరాలు ఇరికించేసరికి చిప్పులో చోటు అయిపోయింది.

"సార్, కొంచెం పెద్ద చిప్పు పెడదామండీ" అంది నజ్నీన్.

"స్టాకులో మూడొందలు పడున్నాయమ్మా ఇవి. అయ్యాక చూద్దాం. కంపైలర్‌లో ఆప్టిమైజేషన్ అని ఉంటుంది కదా, పెంచు. ప్రోగ్రాం అదే చిన్నదైపోతుంది."

పెంచింది. చిన్నదైంది. చిప్పులో పట్టింది. డబ్బాని బల్ల మీద పెట్టి నాలుగైదుసార్లు ఆన్ చేసి చూశారు, చక్కగా తిరిగింది. మనం రాసేది మనుషులు చదవగలిగే సి భాషలో. దాన్ని చిప్పు చేసే చిన్న పనులుగా మార్చేది కంపైలర్. ఆప్టిమైజేషన్ పెంచితే, అనవసరమని తనకి తోచిన పనులన్నీ అది తీసిపారేస్తుంది. ఏం తీసిపారేసిందో చూడాలంటే అది రాసిన అసెంబ్లీ జాబితాని తెరిచి చదవాలి. ఆ రోజు నజ్నీన్ చదవలేదు. ఐదున్నర బండి అందుకోవాలి. మిగతాది నలభై ఎనిమిదే అనుకుని లేచి వెళ్ళిపోయింది.

రెండువేల ఏడు ఆగస్టుకి అలాంటి డబ్బాలు ఇరవై మూడు చెరువుల మీదున్నాయి. అందులో ఒకటి కొల్లేటి పక్కన జమ్ములంకలో దుర్గారాజుగారి చెరువు మీద ఉంది. మూడు రోజులు వదలని మబ్బు. నాలుగో రోజు మంగళవారం పొద్దున్న చెరువులో ఉన్న బొచ్చె, శీలావతి సగానికి సగం తెల్లగా తేలిపోయాయి.

బుధవారం శ్రీనివాసరావు నజ్నీన్‌ని కారులో ఎక్కించుకుని వెళ్ళాడు. ఊరు ఇంకా రాకముందే వాసన వచ్చింది. చెరువు గట్టు పక్కన గొయ్యి తీసి చేపల్ని తట్టలతో పోస్తున్నారు. ఒక్కొక్కటి మోచెయ్యంత చేప. గట్టు మీద కుర్చీలో దుర్గారాజుగారు, చుట్టూ పది మంది. ఎదురుగా లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని నిలబడినవాడు సూర్రావు, ఆ చెరువుకి కాపలా. అతని వెనక భార్య సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ వాసనకి కాదు.

"చెప్పరా, అమ్మాయిగారికి కూడా చెప్పు నీ కథ" అన్నారు దుర్గారాజుగారు.

సూర్రావు చెప్పాడు. అప్పటికి పదిసార్లు చెప్పి ఉంటాడు, గొంతు అరిగిపోయింది. "అయిదింటికి కరెంటు పోయిందండీ. ఆరుకి ముందే వచ్చింది. మసగ్గా వచ్చిందండీ, బల్బు ఎర్రగా ఎలిగి, కాసేపటికి తెల్లగా ఎలిగింది. డబ్బా మీద ఆగమన్న అచ్చరాలు వచ్చినయ్. నాకు సదువు రాదు గానండీ, ఆ అచ్చరాలు గుర్తే. పెట్టిన రోజున మీ ఆళ్ళే సూపించారు. ఇయ్యి కనపడితే ఏదీ ముట్టుకోకు, అదే సూసుకుంటదన్నారు. ఆగానండీ. చేప నోరు తెరుత్తంది, అది ఆగమంటంది. మా ఆడదాన్ని రాజుగారింటికి పరిగెత్తించాను. ఎనిమిదింటికి ఇంక సూడలేక మెయిను కట్టేసి మళ్ళీ ఏశానండీ. అప్పుడు తిరిగినయ్."

"నేనొచ్చేసరికి బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి" అన్నారు దుర్గారాజుగారు. "కరెంటోళ్ళనడిగితే ఆరు కాకుండానే ఇచ్చామన్నారు. రెండు గంటలు మెయిన్ కట్టేసుకుని పడుకుని, నేనొచ్చి చూసేస్తానేమోనని లేచి వేశాడంటే నమ్ముతాను గానీ, డబ్బా ఆగమందట!"

మోటారుని నేరుగా తిప్పే స్టార్టర్ ఒకటి అక్కడే ఉంది. దాని మూతకి కంపెనీ సీసపు సీలు వేసింది. తీస్తే వారంటీ పోతుందని శ్రీనివాసరావు, తీస్తే ఉద్యోగం పోతుందని దుర్గారాజుగారు చెప్పి ఉన్నారు. ఆ సీలు చెక్కు చెదరలేదు. ఎవరూ దాని వంక చూడలేదు.

శ్రీనివాసరావు బ్యాగులోంచి ప్రోగ్రాం కాగితాలు తీశాడు. సి భాషలో నజ్నీన్ రాసినవే. ఒక లైను మీద పెన్నుతో గీత గీసి దుర్గారాజుగారి చేతిలో పెట్టాడు.

"చూడండి రాజుగారూ. కరెంటు బాగాలేనంతసేపూ ఆగు. అంతే రాసుంది. బాగుపడిన క్షణం ముందుకెళ్ళిపోతుంది. మిషను అబద్ధం చెప్పదండీ. ఏమ్మా నజ్నీన్, సరిగ్గానే ఉందా?"

ఆమె ఆ లైను చూసింది. సరిగ్గానే ఉంది. తనే రాసింది. "సరిగ్గానే ఉందండీ" అంది.

ఆ రెండు మాటలు తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆమెకి తన నోటి మీద తనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి బల్బు ఎర్రగా వెలిగి తెల్లబడిందని చెప్పాడు. అంత స్పష్టంగా చూసినవాణ్ణి పక్కన పెట్టి, చూడని కాగితాన్ని నమ్మింది.

"నేను అమ్మోరి ముందు పెమాణం చేత్తానండీ" అన్నాడు సూర్రావు. "తడిబట్టల్తో చేత్తాను. ఆదివారం పెట్టండి."

జమ్ములంకలో అమ్మవారి ముందు ఒకే తగాదాకి రెండు ఎదురు ప్రమాణాలు పడకూడదు. పడితే ఊరికి అరిష్టమని భయం. అందుకని ముందు పెద్దలు కూచుని ఇద్దరి మాటా వింటారు. ఎవరి మాట నిలబడుతుందో వాళ్ళనే గుళ్ళోకి పంపుతారు. రెండోవాడికి ప్రమాణం చేసే హక్కు ఉండదు. ఆ హక్కు పోయినవాడికి ఆ చుట్టుపక్కల ఏ చెరువు మీదా పని దొరకదు, పిల్లకి సంబంధం కూడా రాదు.

"నేనూ చేస్తానండీ ప్రమాణం, నా మిషను మీద నాకంత నమ్మకం" అన్నాడు శ్రీనివాసరావు.

దుర్గారాజుగారు చేతిలో కాగితం వంకా, సూర్రావు వంకా చూశారు. "ఈయన దగ్గర రాతుంది. నీ దగ్గరేముందిరా?" అన్నారు. ఆదివారం పెద్దలు ఏం చెబుతారో అందరికీ అప్పుడే తెలిసిపోయింది. సత్యవేణి కొంగు తీసి నజ్నీన్ వంక ఒక్క చూపు చూసింది. తిట్టినా అంత కాలేది కాదు.

కారులో శ్రీనివాసరావు ఏసీ పెంచి, "ఈ కాపలావాళ్ళంతా ఇంతేనమ్మా" అన్నాడు. బల్బు ఎర్రగా వెలిగి తెల్లబడటం నజ్నీన్ బుర్రలో తిరుగుతోంది. గూడెంలో వాళ్ళ బల్ల మీద బల్బు ఎప్పుడూ తెల్లగానే వెలుగుతుంది. కంపెనీకి స్టెబిలైజర్ ఉంది. కరెంటు మసగ్గా వచ్చి మెల్లగా బాగుపడితే డబ్బా ఏం చేస్తుందో వాళ్ళెప్పుడూ చూడనే లేదు.

గురువారం సెలవు పెట్టింది. ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి కంపైలర్ రాసిన అసెంబ్లీ జాబితా మొత్తం ప్రింటు తీయించుకుని, తండ్రి కొట్లో కాలిన మోటార్ల మధ్య నేల మీద పరుచుకుని కూచుంది. నలభై పైగా పేజీలు. ఆ జాబితాలో ఆమె రాసిన ప్రతి సి లైనూ ఉంటుంది, దాని కింద కంపైలర్ దాన్ని ఏయే చిన్న పనులుగా మార్చిందో ఉంటుంది. అంచనాలు లేకుండా మొదట్నుంచి వేలు పెట్టి నడిచింది. మొదటి ఆరు పేజీలూ వెల్‌కమ్ చెప్పటానికే సరిపోయాయి. ప్రొప్రైటరు పేరులోని ఒక్కొక్క అక్షరం దాటుతుంటే పళ్ళు కొరుక్కుంది. ఆ అక్షరాలకి చోటివ్వటానికి కదా ఇదంతా.

మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే లేవలేదు. మూడింటికి దొరికింది.

"కరెంటు బాగాలేనంతసేపూ ఆగు" అన్న తన లైను అక్కడుంది. దాని కింద రెండే రెండు పనులున్నాయి. మొదటిది: కరెంటు బాగుందో లేదో రాసి ఉన్న గడిలోంచి అంకె తెచ్చి చేతిలో పెట్టుకో. రెండోది: చేతిలో ఉన్నది సున్నా అయితే దూకు. ఎక్కడికి? ఆమె వేలు ఆగిపోయింది. మొదటి పనికి దూకాలి. మళ్ళీ వెళ్ళి గడిలో చూసి రావాలి. కానీ ఇక్కడ రెండో పని తన మీదికే తను దూకుతోంది. గడి దగ్గరికి మళ్ళీ వెళ్ళటం లేదు. చేతిలో ఉన్న పాత సున్నానే చూసుకుంటూ, సున్నాయే కదా, సున్నాయే కదా అనుకుంటూ అక్కడే గిరగిరా తిరుగుతోంది. గడిలో అంకె ఎప్పుడో ఒకటిగా మారిపోయింది. ఈ బుద్ధిమంతుడు చూస్తేగా!

మొదటిసారి చూసినప్పుడే కరెంటు బాగుంటే దాటిపోతుంది. అందుకే గూడెంలో ఎప్పుడూ తిరిగింది. సూర్రావు మెయిన్ కట్టేసి మళ్ళీ వేసినప్పుడూ అందుకే తిరిగింది. మసగ్గా వచ్చిన కరెంటుకి మాత్రం ఇక జన్మలో కదలదు.

కంపైలర్ని తిట్టబోయి ఆగిపోయింది. దాని తప్పు కాదు. ఆ గడిలో అంకెని మార్చేది ఇంకో ముక్క, గడియారం టిక్కుమన్నప్పుడల్లా పక్క నుంచి వచ్చి మార్చిపోయేది. అలా పక్క నుంచి మారుతుంటుంది, ప్రతిసారీ వెళ్ళి చూడు అని చెప్పటానికి సి భాషలో ఒక్క మాట ఉంది, వోలటైల్ అని. ఆమె రాయలేదు. అంతకుముందు ఆప్టిమైజేషన్ తక్కువగా ఉన్నప్పుడు కంపైలర్ ప్రతిసారీ పోయి చూసేది, కాబట్టి ఆ లోటు బయటపడలేదు. పెంచేసరికి, ఇక్కడెవరూ దీన్ని మార్చటం లేదు కదా, మళ్ళీ మళ్ళీ చూడటం దండగని తీసిపారేసింది. ఒక్క మాట రాయకపోవటం తన తప్పు. జాబితా చదవకుండా బండికి పరిగెత్తటం అంతకంటే పెద్ద తప్పు. సరిగ్గానే ఉందండీ అనటానికి తప్పన్న పేరు కూడా చాలదు. ఆమె కాగితాల్ని నేలకేసి కొట్టింది.

చాంద్ బాషా చేస్తున్న పని ఆపి వచ్చాడు. విన్నాడు. కొట్లో కరెంటుని తగ్గించి పెంచే డిమ్మరు ఉంటే తీసుకొచ్చి, ఆమె దగ్గరున్న నమూనా డబ్బాకి తగిలించాడు. మసగ్గా ఇచ్చి, మెల్లగా పూర్తిగా పెంచాడు. డబ్బా ముందు ప్రొప్రైటరు పేరు నడిపించింది. తర్వాత ప్లీజ్ వెయిట్ అంది. తండ్రీ కూతుళ్ళు దాని ముందు కూచున్నారు. టీ తాగారు. ఇద్దరు మోటార్లు తెచ్చిచ్చి వెళ్ళారు.

"ఇంకెంతసేపు ఆగాలమ్మా?" అన్నాడు ఆయన.

"ఖయామత్ దాకా అబ్బా" అంది నజ్నీన్.

శుక్రవారం ఆ రెండు లైన్ల కింద ఎర్ర గీత గీసి శ్రీనివాసరావు బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. అర్థం కాకపోవటం కాదు, బి.టెక్కే కదా, అర్థమైంది. లేచి గది తలుపు వేశాడు.

"ఇది బయటికెళ్తే కంపెనీ మూసుకోవాలి. ఇరవై మూడు డబ్బాలున్నాయి బయట. సర్వీసుకని చెప్పి మెల్లగా చిప్పులు మార్చేద్దాం. ఎవరికీ నష్టం ఉండదు."

"సూర్రావుకండీ?"

"వాడు ఇంకో చెరువు చూసుకుంటాడమ్మా."

"ఎవరిస్తారండీ? చేపల్ని చంపినవాడికి ఎవరిస్తారు? మీరిస్తారా, మీ ఇంటి ముందు కాపలాకి?"

"గొంతు తగ్గించు. ప్రోగ్రాం రాసింది నువ్వు. తప్పు నీది. అక్కడ నోరు తెరిస్తే నీ పేరే చెబుతాను."

నజ్నీన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎంత మండిందంటే గొంతు దానంతటదే తగ్గిపోయింది. "మీరెందుకండీ శ్రమ పడటం, నేనే చెప్పుకుంటాను" అని, డ్రాయరు తాళం బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది. ఆ నెల జీతం అడగలేదు. ఆయనా పంపలేదు.

ఆదివారం పొద్దున్నే తండ్రితో కలిసి ఆటోలో జమ్ములంక వెళ్ళింది. అమ్మవారి గుడి ముందు సిమెంటు అరుగు మీద ఐదుగురు పెద్దలు కూచున్నారు. దుర్గారాజుగారికి కుర్చీ వేశారు. శ్రీనివాసరావు పట్టు పంచె కట్టుకుని, ప్రమాణానికి తయారై వచ్చాడు. సూర్రావు దూరంగా చెప్పులు విప్పి నిలబడ్డాడు. అతనప్పటికే స్నానం చేసి తడిబట్టలతో ఉన్నాడు. చేయనివ్వరని తెలిసి కూడా.

"నేనొక కాగితం చదవాలండీ" అంది నజ్నీన్.

"ఆ రోజే చదివాం కదమ్మా" అన్నారు దుర్గారాజుగారు.

"ఆ రోజు చదివింది నేను రాసిందండీ. డబ్బా చేసింది అది కాదు. డబ్బాకి అందింది ఇదీ."

శ్రీనివాసరావు అడ్డం వచ్చాడు. అదంతా టెక్నికల్ విషయమనీ, వీళ్ళకి అర్థం కాదనీ అన్నాడు. అరుగు మీది పెద్దాయన, తొంభై ఏళ్ళుంటాయేమో, చెయ్యి ఎత్తాడు. "అర్తం అవుద్దో అవ్వదో మేం సెప్తాం గదండీ. సదవనీండి" అన్నాడు.

ఆమె చదివింది. ఇంగ్లీషు ముక్క లేకుండా, శేషారత్నం మేడమ్ ల్యాబ్‌లో నడిపించినట్టు నడిపించింది. గడి ఇదీ. చెయ్యి ఇదీ. గడిలోంచి అంకె చేతిలోకి వచ్చింది. చేతిలో సున్నా. సున్నా అయితే ఎక్కడికి దూకమని రాసుంది? ఇక్కడికే. మళ్ళీ చేతిలో సున్నా. మళ్ళీ ఇక్కడికే. చదువుతున్నకొద్దీ గొంతులో కోపం పెరిగింది.

సూర్రావు రెండడుగులు ముందుకొచ్చాడు. "అంటే, ఎవరైనా వచ్చారేమోనని వాకిట్లోకి ఒక్కసారి సూసి, తలుపేసుకుని, ఎవరూ రాలేదు ఎవరూ రాలేదు అనుకుంటా లోపలే కూకుందన్నమాట" అన్నాడు.

"అంతేనండీ" అంది నజ్నీన్. అంత సూటిగా ఆమెకి కూడా చెప్పటం రాలేదు. "మళ్ళీ వెళ్ళి చూడమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తప్పు నాది. ఈయన ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదు. కరెంటు మసగ్గా రావటం ఈయన కంటితో చూసి చెప్పాడు. నేను వినలేదు."

దుర్గారాజుగారు శ్రీనివాసరావు వంక తిరిగి, "నీకీ సంగతి ఎప్పుడు తెలిసిందయ్యా?" అన్నారు. ఆయన పట్టు పంచె కుచ్చెళ్ళు సర్దుకుంటూ, ఇంకా టెస్టింగులో ఉందని ఏదో గొణిగాడు. పెద్దాయన చెయ్యి ఊపాడు. "సూర్రావే ఎల్లాలి గుళ్ళోకి. ఎల్లరా" అన్నాడు. సత్యవేణి నేల మీద కూలబడి ఏడ్చింది.

సూర్రావు కదల్లేదు. నజ్నీన్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. దండం పెడతాడేమోనని ఆమెకి భయమేసింది. అతను పెట్టలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మాయిగారూ, మీరు మంచోరే. మీ తప్పు మీరు ఒప్పుకున్నారు, అందరూ ఒప్పుకోరు. కానండీ, బుదారం ఒక కాయితం నన్ను దొంగని సేసింది. ఇయ్యాల ఇంకో కాయితం దొరని సేసింది. మద్దిన నాలుగు రోజులు నేను సెప్పింది మాట కాదాండీ? నేనెల్లను గుళ్ళోకి. ఇప్పుడు పెమాణం ఎవురికోసం సెయ్యాలండీ?"

తడిబట్టలతోనే భార్యని లేవదీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. దుర్గారాజుగారు వెనక నుంచి రెండుసార్లు పిలిచారు. మూడోసారి "సూర్రావుగారూ" అని పిలిచారు. అయినా తిరిగి చూడలేదు.

ఆటోలో చాంద్ బాషా కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "బాగా చెప్పావమ్మా" అన్నాడు. "ఆయన బాగా చెప్పాడు అబ్బా" అంది ఆమె.

సోమవారం పొద్దున్నే తండ్రి కొట్లో ఒక మూల బల్ల వేసుకుంది. ప్రోగ్రాంలో ప్రొప్రైటరు వెల్‌కమ్ మొత్తం పీకి పారేసింది. వోలటైల్ అన్న ఆ ఒక్క మాట రాసింది. కంపైలర్ ఏం రాసిందో మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివింది. ఇరవై మూడు చిప్పులు కొని, వాటికి ప్రోగ్రాం ఎక్కించి, శ్రావణ మాసపు వానలో తండ్రి స్కూటరేసుకుని చెరువుల మీద పడింది. ఏ డబ్బా ఏ చెరువు మీదుందో ఆమెకి కంఠతా వచ్చు. పోయిన ప్రతి చోటా చిప్పు మార్చేది. కటింగ్ ప్లేయర్‌తో స్టార్టర్ సీలు తెంపి, కాపలా ఉన్న మనిషి చేతిలో పెట్టేది. "ఇది ఆగమన్నా మీరు ఆగక్కర్లేదండీ, ఇలా తిప్పేయండి" అని చూపించేది. వారంటీ ఎవరిస్తారని అడిగినవాళ్ళకి నేనేనండీ అనేది.

నాలుగో చెరువు భీమడోలు దాటాక సుబ్బరాజు అనే రైతుది. ఆయన ఆమెకి కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు. చిప్పు బిగిస్తూ ఆమె మామూలుగానే అడిగింది, ఈ డబ్బా ఎప్పుడైనా కదలకుండా ఆగిపోయిందా అండీ అని.

"లేదమ్మా, మంచి డబ్బా. జూన్‌లో ఒకసారి కొంచెం చేప పోయింది గానీ అది డబ్బా వల్ల కాదు. మా కాపలావాడు యోబు అని ఉండేవాడు. ఏరియేటర్లు కట్టేసుకుని నిద్రపోయాడు. అడిగితే, డబ్బా ఆగమందండీ అంటాడు, చూశావా తెలివి! రెండు తగిలించి పంపించేశాను."

నజ్నీన్ స్క్రూడ్రైవరు కింద పెట్టింది. మజ్జిగ గ్లాసు ముట్టుకోలేదు. బ్యాగులోంచి జాబితా కాగితం తీసి, ఎర్ర గీతల పక్కన యోబు అని రాసుకుంది.

"ఆయన ఇప్పుడెక్కడున్నారండీ?"

"ఎవడు, యోబా? ఎవరికి తెలుసమ్మా. వాళ్ళది చింతలపూడి వైపేదో ఊరు. పామాయిలు తోటల్లో పనికి పోయాడని విన్నాను. వాడితో నీకేం పని?"

"మీరూ రావాలండీ" అంది ఆమె. ఆ గొంతు విని సుబ్బరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చెప్పులేసుకోండి. ఆయన చెప్పింది నిజమని ముందు మీకు చెబుతాను. తర్వాత ఇద్దరం వెళ్ళి ఆయనకి చెబుదాం."